కొవ్వు కణజాలములో శోథము: ఒక సిద్ధాంతముపై విమర్శ

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఊబకాయమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆదోని, కోసిగి, కౌతాళము, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండి వర్షములు తప్పిన ఏడెల్ల కుటుంబములకు కుటుంబములే మిరప కోతలకై గుంటూరు సీమకు వలస పోవుచుండును. 1876-78 నాటి మహాక్షామము మద్రాసు రాజధానిని పీడించినపుడు మిక్కిలి నష్టపడిన జిల్లాలలో బళ్ళారి, కర్నూలు రెండును ఉన్నవి. ఆదోని ఆనాడు బళ్ళారి జిల్లాలోని తాలూకా, 1953లో గాని కర్నూలు జిల్లాలో చేరలేదు. ఇట్టి కరవు సీమలో కొవ్వు అధికమగుట కూడ ఒక సమస్యయేనా?

సమస్యయే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది తగిన బరువును మించియున్నారు. ఆదోని పత్తి విపణిలో దుకాణమున కూర్చుండు వర్తకుడును, ఎమ్మిగనూరులో గుంట మగ్గమున కాళ్ళు దించి కూర్చుండు నేతకాడును చక్కెర వ్యాధి పరీక్షకై ఒకే వరుసలో నిలుచుట నేడు అపూర్వమైన దృశ్యము కాదు. మొదటివాని బొజ్జ అందరికిని కనబడును. రెండవవాడు చూపునకు బక్కపలచనివాడు.

ఈ వ్యాధి పుట్టుకను వివరించుటకు పత్రికలలోను ఉపన్యాసములలోను ఒక సూత్రము విరివిగా వినబడుచున్నది: కొవ్వు పెరిగిన శరీరములో మంట పుట్టును, ఆ మంట జన్యువులను చెడగొట్టును, జన్యువులు చెడుట వలన మధుమేహము వచ్చును. చిన్నది, గుర్తుంచుకొనుటకు సులభమైనది. అందుచేత తరగతి గదులలోనికి కూడ అది ప్రవేశించుచున్నది. దీనిలో సత్యము లేకపోలేదు. కాని ముక్క ముక్కకును ఒక దోషము అంటియున్నది. దీనిని విన్న విద్యార్థి ఇంటికి పోయి, “మన జన్యువులే చెడినవట, ఇక చేయవలసినదేమున్నది?” అని తండ్రితో చెప్పినచో శాస్త్రము పేర నిరాశను బోధించినట్లగును. మంటను చల్లార్చునని చెప్పి సంతలో అమ్మెడి పొడులను ఆ తండ్రి కొనినచో డబ్బు కూడ పోవును.

మొదట ఆ ‘మంట’ అను మాటనే చూడవలెను. గాయము తగిలినపుడు, చీము పట్టినపుడు ఆ చోట కనబడు ఎరుపు, వేడి, వాపు, నొప్పి అను నాలుగు లక్షణములను క్రీస్తు శకము మొదటి శతాబ్దిలోనే రోమను గ్రంథకర్త సెల్సస్ పేర్కొనెను. వీనికి కారణమైన ప్రక్రియనే శోథము అందురు. శరీరమునకు హాని కలిగినపుడు రక్షక కణములు అచటికి చేరి, రసాయన సంకేతములను వెలువరించి, శిథిలమును తొలగించి, మరమ్మతు చేయుట దాని పని. ఊబకాయుని కొవ్వులో జరుగునది ఈ జాతికి చెందినదే గాని, ఎరుపు లేదు, వేడి లేదు, నొప్పి లేదు. మంద స్థాయిలో, ఏండ్ల తరబడి, రోగికి తెలియకుండ సాగును. దీనిని ‘మంట’ అని తెనిగించినచో, ఉదయమున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఛాతీలో మంట పుట్టినవాడు తనకు కలిగినది ఇదియే అనుకొనుటలో ఆశ్చర్యమేమి? మాట తప్పగుటచే మందు కూడ తప్పుచున్నది. శోథము అను మాట కొంత కఠినమైనను దానినే వాడి, ఒకసారి వివరించుట మేలు.

కొవ్వునకు ఈ శోథముతో సంబంధమున్నదని తెలిసి ఎంతో కాలము కాలేదు. కొవ్వును జడమైన నిలువగా భావించుట లోకమునకు అలవాటు. గర్వించినవానిని ‘కొవ్వెక్కినాడు’ అనుటలో కూడ, పని లేని అదనపు సరుకు అను భావమే యున్నది. శాస్త్రజ్ఞులును చిరకాలము ఇంచుమించుగా అట్లే తలచిరి. 1993లో అమెరికాలో హోతమిష్లిగిల్, స్పీగెల్‌మన్ మున్నగువారు ఊబకాయముగల ఎలుకల కొవ్వు కణజాలములో టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా అను శోథ సంకేతపు ప్రోటీను అధికముగా తయారగుచున్నదని చూపిరి. దానిని అడ్డగించినపుడు ఆ ఎలుకలలో ఇన్సులిన్ మరల చక్కగా పనిచేసెను. మరుసటి ఏడు ఫ్రీడ్‌మన్ బృందము కొవ్వు కణములు వెలువరించు లెప్టిన్ అను హార్మోనును కనుగొనెను. దీనితో కొవ్వు ఒక గిడ్డంగి మాత్రమే కాదనియు, శరీరముతో మాటలాడు అవయవమనియు తేలెను. 2003లో రెండు బృందములు వేర్వేరుగా మరొక విషయమును ప్రకటించినవి: ఊబకాయుల కొవ్వులో మాక్రోఫేజులనెడి భక్షక కణములు పెద్ద సంఖ్యలో చేరియుండును. ఒక బృందపు అంచనా ప్రకారము సన్నని ఎలుకలలోను మనుష్యులలోను అవి కణజాలములోని కణములలో నూటికి పదింటికి లోపు. ఊబకాయముగల మనుష్యులలో నలుబదికి దరిదాపు. ఉబ్బి చనిపోయిన కొవ్వు కణము చుట్టు ఇవి కిరీటమువలె గుమికూడియుండుట సూక్ష్మదర్శినిలో చక్కగా కనబడును.

ఇంతవరకు సాక్ష్యము గట్టిది. సూత్రములోని రెండవ భాగము, అనగా జన్యువులు ‘చెడుట’, మాత్రము పూర్తిగా త్రోవ తప్పినది.

కొవ్వు కణములోని జన్యువులు శోథము వలన చెడిపోవు. డి.ఎన్.ఏ.లోని అక్షరముల వరుస అట్లే యుండును. మారునది ఏ జన్యువును ఎంత చదువవలెనను ఏర్పాటు. దీనినే జన్యు నియంత్రణ అందురు. జాకార్డు అమర్చిన మగ్గమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. రంధ్రములు గల అట్టల వరుస ఏ పడుగు పోగు లేవవలెనో, ఏది దిగియుండవలెనో నిర్ణయించును. ఒకే అట్టల కట్ట ఊరిలోని ప్రతి ఇంటను ఉన్నదనియు, ఒక ఇంట కొన్ని అట్టలు, మరొక ఇంట వేరు కొన్ని అట్టలు మగ్గమునకు తగిలింపబడుననియు ఊహించుకొనినచో, చర్మ కణమును కొవ్వు కణమును ఒకే డి.ఎన్.ఏ. కలిగియుండియు వేర్వేరు పనులు చేయుటలోని మర్మము తెలియును. నేత మారినదని అట్టలు చినిగిపోయినవనరాదు.

కొవ్వు కణము కొవ్వు కణముగా నిలుచుటకు పి.పి.ఎ.ఆర్.-గామా అను ప్రోటీను ముఖ్యము. 1994లో దీని ప్రాధాన్యము వెల్లడియైనది. ఇది డి.ఎన్.ఏ.పై తగిన చోట కూర్చుండి, కొవ్వును దాచు జన్యువులను, ఇన్సులిన్ మాట వినిపించు జన్యువులను చదివించును. ఇన్సులిన్ ఆజ్ఞపై గ్లూకోజును లోనికి తెచ్చు గ్లూట్-4, కొవ్వు బిందువును కాపాడు పెరిలిపిన్, రక్తములోనికి పోయి కాలేయమునకు మేలు చేయు అడిపోనెక్టిన్ ఈ కోవలోనివి. టి.ఎన్.ఎఫ్. సోకిన కొవ్వు కణములో వీని తయారీ తగ్గును. గ్లూకోజు లోనికి పోదు. కాపు లేని కొవ్వు కరిగి, కొవ్వు ఆమ్లములుగా రక్తములో పడి, కాలేయమునకును కండరములకును చేరును. అచట కూడ ఇన్సులిన్‌కు విలువ తగ్గును. అదే సమయమున మరిన్ని భక్షక కణములను పిలుచు ప్రోటీనుల జన్యువులు మేల్కొనును. పిలుపునకు వచ్చిన కణములు మరికొంత టి.ఎన్.ఎఫ్.ను విడుచును. చక్రము తిరుగుచునేయుండును.

ఈ తగ్గుట ఎట్లు జరుగును? 1986లో రంజన్ సేన్, బాల్టిమోర్ కనుగొనిన ఎన్.ఎఫ్.-కప్పా-బి అను ప్రోటీను ఇచట ప్రధాన పాత్ర. సామాన్య సమయమున అది కేంద్రకమునకు వెలుపల, మరొక ప్రోటీనుచే కట్టివేయబడియుండును. టి.ఎన్.ఎఫ్. కణపు పొరపై తన గ్రాహకమును తాకగనే ఆ కట్టు నశించును. విడివడినది కేంద్రకములో ప్రవేశించి శోథ జన్యువులను చదివించును. సరే, శోథ జన్యువులు పెరుగుట అర్థమైనది. కొవ్వు కణపు సొంత జన్యువులు తగ్గుటకు కారణమేమి? ఎన్.ఎఫ్.-కప్పా-బి వానిపైకి పోయి కూర్చుండి నొక్కివేయునని ఊహించుట సహజము. 2015లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు మానవ కొవ్వు కణములపై చేసిన ప్రయోగములు ఆ ఊహను తారుమారు చేసినవి. జన్యువును చదివించుటకు సహకారక ప్రోటీనులు కావలెను. కేంద్రకములో వాని సంఖ్య పరిమితము. ఎన్.ఎఫ్.-కప్పా-బి కూర్చున్న క్రొత్త చోటులకు అవి తరలిపోవుటచే, అంతవరకు అవి దట్టముగా చేరియున్న చోటులు, అనగా సూపర్ ఎన్‌హాన్సరులనెడి నియంత్రణ ఖండములు, వెలవెలబోవును. కొవ్వు కణపు ముఖ్య జన్యువులు ఆ ఖండముల పైననే ఆధారపడియున్నవి.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లున పత్తి రాశికి నిప్పంటుకొన్నదనుకొనుడు. హమాలీలు, మిషను నడుపువారు, గుమాస్తా సహితము నీళ్ళ బిందెలతో అటు పరుగెత్తుదురు. మిషనును ఎవరును పగులగొట్టలేదు. చేతులు లేక అది నిలిచినది. నిప్పు ఆరిన వెనుక మరల తిరుగును. ఏండ్ల తరబడి ఆ మూల పొగ వచ్చుచునేయున్నచో మిల్లు దివాలా తీయును.

ఈ ఉపమానము ఎంత సొంపుగా ఉన్నను దాని హద్దును కూడ చెప్పవలెను. డెన్మార్కు ప్రయోగము గాజు పాత్రలో పెంచిన కణములపై, టి.ఎన్.ఎఫ్.ను ఒక్కసారిగా పోసి, స్వల్ప కాలములో చూచినది. ఊబకాయుని శరీరములో సంకేతము మందము, కాలము దీర్ఘము. ఆ కొద్ది సేపటి దృశ్యమును ఇరువది ఏండ్ల వ్యాధికి అన్వయించుట ఊహయే గాని కొలత కాదు. జనరంజక వ్యాసములు ఈ అడుగును చప్పుడు లేకుండ దాటిపోవుచున్నవి.

సూత్రములోని మూడవ భాగము మరింత బలహీనము. శోథమే దోషియైనచో దానిని అణచిన వెంటనే మధుమేహము తగ్గవలెను. ఎలుకలలో తగ్గినది. మనుష్యులలో? 1996లో ఊబకాయముగల మధుమేహ రోగులకు టి.ఎన్.ఎఫ్.ను పట్టివేయు ప్రతిరక్షకమును ఇచ్చి చూచిరి. ఇన్సులిన్ పనితనము మెరుగుపడలేదు. 2017లో ప్రకటితమైన కాన్‌టాస్ అను పరీక్షలో పదివేలకు మించిన హృద్రోగులు పాల్గొనిరి. ఇంటర్‌ల్యూకిన్-1-బీటా అను మరొక శోథ సంకేతమును అడ్డగించగా గుండెపోటులు తగ్గినవి గాని, క్రొత్తగా మధుమేహము వచ్చుట ఆగలేదు. శాలిసిలేట్ల కథ కొంత ఆశాజనకము. ఆదోని ప్రాంతము క్షామమున పడిన 1876వ సంవత్సరముననే జర్మనీలో ఎబ్‌స్టైన్ అను వైద్యుడు, సోడియం శాలిసిలేటు ఇచ్చిన రోగుల మూత్రములో చక్కెర తగ్గినదని వ్రాసెను. ఆ జాతి మందులు ఎన్.ఎఫ్.-కప్పా-బి మార్గమును అణచునని తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది. 2013లో ప్రకటితమైన పరీక్షలో ఆ జాతికే చెందిన సాల్‌సలేటును 48 వారములు ఇచ్చినపుడు హెచ్.బి.ఏ.1.సి. అను కొలత, ఉత్తుత్తి మాత్రలు తీసికొనినవారికంటె సుమారు 0.37 తగ్గెను. ఫలితము నిజమే, కాని స్వల్పము. మధుమేహమునకు శోథమే ఏకైక కారణమైనచో ఇంత స్వల్పముగా ఉండదు.

2014లో వచ్చిన ఒక పరిశోధన మరింత ఆలోచింపజేయును. కొవ్వు కణములు మాత్రము శోథ సంకేతమునకు స్పందింపకుండునట్లు ఎలుకలను తయారు చేసి, వానికి కొవ్వు మేత పెట్టిరి. సూత్రము నిజమైనచో అవి ఆరోగ్యముగా ఉండవలెను. వాని కొవ్వు కణజాలము సరిగా విస్తరింపలేదు. కొవ్వు కాలేయమునకు చేరినది. చక్కెరను తట్టుకొను శక్తి తగ్గినది. క్రొత్త కొవ్వునకు చోటు చేయుటకు పాత కట్టడమును సడలించి, మరల కట్టవలెను. ఆ పనికి కొంత శోథము అవసరము. మరమ్మతు చేయు తాపీపనివానిని దొంగ అని తరిమినట్లు, శోథమునంతయు శత్రువుగా చిత్రించుట సరికాదు. మరమ్మతు ముగియక సాగుచునేయుండుట దోషము.

ఇక ఈ పరిశోధనలు ఎవరి కొవ్వుపై జరిగినవి? మానవ కొవ్వు కణజాలము పరీక్షకు సులభముగా దొరకదు. ఊబకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొను పాశ్చాత్య రోగుల నుండి దానిలో పెద్ద భాగము లభించుచున్నది. వారి శరీరభార సూచిక తరచు 40 దరిదాపున ఉండును. తక్కినది ఎలుకల కొవ్వు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో 1990 దశకమున సహజముగా పుట్టిన డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్.-ఓ.బి. అను ఊబకాయపు ఎలుకల జాతి ప్రసిద్ధమైనది. లెప్టిన్ సమృద్ధిగా ఉన్నను దాని మాట వినక, అవి మితిమీరి తిని బలియును. పరిశోధనకు గొప్ప సాధనమే. ఐనను పుట్టుకతో వచ్చిన ఒక్క మార్పుచే బలిసిన ఎలుక వేరు, మగ్గము ముందు కూర్చుండి నలుబదవ ఏట పొట్ట పెరిగిన మనిషి వేరు.

ఎమ్మిగనూరు నేతకానిని ఉదాహరణగా తీసికొందము. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. బరువును మీటర్లలోని ఎత్తు వర్గముచే భాగించినచో సూచిక 22 వచ్చును. ప్రపంచ పట్టికలలో 25 వరకు క్షేమము; మన దేశపు నిపుణులు నిర్ణయించిన 23ను కూడ అతడు మీరలేదు. ఇక భయమేమున్నది? 2004లో ‘లాన్సెట్’ పత్రికలో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ తమ ఇరువురి ఛాయాచిత్రములను ప్రక్కప్రక్కన ప్రకటించిరి. ఇరువురి సూచికయు 22.3. శరీరములోని కొవ్వు మాత్రము యడ్కిన్‌లో నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌లో 21.2 వంతులు! సూచిక బరువును తూచును గాని, ఆ బరువులో కండ ఎంతయో, కొవ్వు ఎంతయో, అది ఎచట ఉన్నదో చెప్పదు. దక్షిణాసియా వాసులలో చర్మము క్రింది పై పొరలో కొవ్వు దాచు చోటు తక్కువయై, అది త్వరగా నిండి, మిగిలినది ఉదరములోనికి పొరలునని 2007లో కొందరు ప్రతిపాదించిరి. అది ఇంకను ప్రతిపాదనయే. కాని బక్కవానికి మధుమేహమెట్లు వచ్చునను ప్రశ్నకు, మంట సిద్ధాంతముకంటె ఇది చేరువగా వచ్చుచున్నది. కణము తన శక్తికి మించి ఉబ్బినపుడు శోథము పుట్టునన్నచో, మొత్తము కొవ్వు ఎన్ని కిలోలనుటకంటె ఒక్కొక్క కణముపై పడిన భారమెంత అనునది ముఖ్యమగును. మన దేశమున నడుము కొలతకు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్ల హద్దు పెట్టుటకు ఉదరపు కొవ్వే కారణము. తూనికయంత్రముకంటె దర్జీ టేపు ఇచట ఎక్కువ నిజము చెప్పును.

తెలుగు గడ్డపై జరిగిన ఒక పరిశీలన ఈ సందర్భమున మరువరానిది. 1987-90 మధ్య హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో, కొన్నిట గర్భిణులకును పసిపిల్లలకును అదనపు ఆహారము అందెను, కొన్నిట అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏండ్ల వారైన పిమ్మట కొలిచి, ఫలితములను 2008లో ప్రకటించిరి. ఆహారము అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. ఇన్సులిన్ నిరోధము వారిలో ఇరువది శాతము తక్కువ. శరీరములోని కొవ్వు పాలు మాత్రము ఇరు వర్గములలోను ఇంచుమించు సమానమే. ఇందు జన్యు నియంత్రణను ఎవరును కొలువలేదు, కావున దానిని గూర్చి ఈ పరిశీలన సాక్ష్యమీయజాలదు. కాని కొవ్వు సమానమైనను ఇన్సులిన్ పనితనము భిన్నముగా ఉండవచ్చునని స్పష్టముగా చెప్పుచున్నది. తల్లి గర్భముననున్ననాటి ఆకలి, నలుబదవ ఏట తిన్న అన్నముకంటె తక్కువ దోషి కాకపోవచ్చును. వలస కుటుంబముల సీమకు ఈ మాట అమెరికా ఎలుకల ఫలితముకంటె దగ్గరిది.

ఇటీవల మరొక వార్త ప్రచారములోనికి వచ్చినది. ‘కొవ్వు జ్ఞాపకముంచుకొనును’ అని 2024 నవంబరులో ‘నేచర్’ పత్రికలోని ఒక వ్యాసమును ఆధారము చేసికొని దినపత్రికలు వ్రాసినవి. స్విట్జర్లాండు బృందము చూపినదేమనగా: ఊబకాయులు బరువు తగ్గిన వెనుక కూడ వారి కొవ్వు కణజాలములో జన్యువులు చదువబడు తీరు పూర్తిగా మామూలు స్థితికి రాలేదు. ఎలుకలలో మరొక అడుగు ముందుకు పోయి, డి.ఎన్.ఏ. చుట్టబడియున్న ప్రోటీనులపైని రసాయన ముద్రలు కూడ నిలిచియున్నవని చూపిరి. అట్టి ఎలుకలు కొవ్వు మేత దొరకగనే ఇతర ఎలుకలకంటె త్వరగా బలిసినవి. మిల్లు ఉపమానముతో చెప్పినచో, నిప్పు ఆరినను హమాలీలందరును తమ చోటులకు మరలలేదు. అపురూపమైన పని. కాని ముద్రలు నిలుచుట చూపినది ఎలుకల కణములలో. మనుష్యులలో చూపినది జన్యువులు చదువబడు తీరు మాత్రమే. ఈ భేదమును వదలిపెట్టి, ఒకసారి బలిసినవాడు ఎన్నటికిని బాగుపడడన్నట్లు వ్రాయుట అన్యాయము.

కాలము లెక్క కూడ చూడవలసియున్నది. ఎలుకలలో బరువు తగ్గిన పిమ్మట గమనించినది కొన్ని వారములు. మానవ కొవ్వు కణపు ఆయువును 2008లో స్పాల్డింగ్ మున్నగువారు ఒక చిత్రమైన ఉపాయముతో లెక్కించిరి. 1950, 60 దశకములలో జరిగిన అణ్వస్త్ర పరీక్షల వలన గాలిలో కార్బన్-14 పెరిగి, పిదప క్రమముగా తగ్గినది. కణము పుట్టినపుడు గాలిలో అది ఎంత యున్నదో ఆ కణపు డి.ఎన్.ఏ.లో గుర్తుగా మిగులును. ఆ గుర్తును చదివి, వయోజనులలో ఏటేట నూటికి సుమారు పది కొవ్వు కణములు పోయి, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండునని తేల్చిరి. సన్నవారిలోను లావువారిలోను ఈ లెక్క ఒక్కటే. ఈ వేగముతో పోయినచో, నేడు నేతకాని పొట్టలోనున్న కణములలో సగము మార్పు చెందుటకు ఏడేండ్లు చాలును.